పేస్తుమ్‌లో స్తంభాలు ఒరగకుండా

ప్రశ్న: వచ్చే జూన్‌లో ఇటలీలోని నేపుల్స్‌కు, మా అమ్మాయి దగ్గరికి వెళుతున్నాం. అక్కడికి దక్షిణాన ఉన్న పేస్తుమ్‌లో గ్రీకు ఆలయాలు చెక్కుచెదరకుండా నిలిచి ఉన్నాయని విని ఒక రోజు అట్టేపెట్టుకున్నాం. హంపిలో నేను తీసిన ఫొటోల్లో స్తంభాలన్నీ వెనక్కి ఒరిగినట్టు వచ్చాయి. ఈసారి అలా కాకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మరీ దగ్గరగా నిలబడి కెమెరాను పైకెత్తినందువల్ల స్తంభాలు అలా ఒరిగి ఉంటాయి. పేస్తుమ్ ఆలయాలు చదునైన మైదానంలో ఉన్నాయి కనుక వీలైనంత వెనక్కి వెళ్లి, కెమెరాను నిటారుగా పట్టుకొని, కొద్దిగా జూమ్ చేసి తీస్తే ఈ దోషం చాలావరకు పోతుంది.

అయితే క్రీ.పూ. 550 ప్రాంతంలో కట్టిన, గ్రీకు దేవత హేరా ఆలయం దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. అక్కడి స్తంభాలు నడుమ స్పష్టంగా ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడతాయి; అది శిల్పులు కోరి చేసిన పని. ఇంటికొచ్చాక కంప్యూటర్‌లో వాటి అంచులు నిట్టనిలువుగా కనబడేదాకా సరిచేయబోతే ఆలయం మొత్తం పైభాగాన వెడల్పై వికారంగా తయారవుతుంది. నిలువుగా ఉండవలసింది స్తంభం మధ్యగీత, అంచు కాదు. ముందు వైపు తొమ్మిది స్తంభాలు కావడంతో మనం దారి ఉంటుందనుకున్న చోట, సరిగ్గా నడిమధ్యన, ఒక స్తంభం నిలబడి ఉంటుంది. ఎదురుగా నిలబడి తీస్తే చూపు దానికే తగిలి ఆగిపోతుంది కనుక ఆగ్నేయపు మూల నుంచి తీయండి. పక్కనే ఉన్న, రోమన్ల సముద్ర దేవుడైన నెప్ట్యూన్ ఆలయమని పేరుపడ్డ రెండో కట్టడం కూడా వెనకాల కలిసివస్తుంది. (ఈ పేరు తర్వాతివాళ్లు పొరపాటున పెట్టిందే.)

ఈ రెండోది క్రీ.పూ. 5వ శతాబ్దం నడుమ కట్టినది. ముందు ఆరు స్తంభాలే కనుక దీన్ని నిక్షేపంగా ఎదుటి నుంచి తీయవచ్చు. ఇలాంటి డోరిక్ (గ్రీకు నిర్మాణ శైలుల్లో ఒకటి) స్తంభానికి మామూలుగా 20 నిలువు చాళ్లుంటే, దీని బయటి స్తంభాలకు 24 ఉన్నాయి. ఎండ ఏటవాలుగా పడితేనే ఆ చాళ్లు విడివిడిగా కనబడతాయి. ఆలయాలు తూర్పుముఖంగా ఉన్నాయి కాబట్టి ఉదయం ముందు భాగాన్ని, పది దాటాక దక్షిణపు వరుసను తీసుకోండి.

ఇటలీలో 2014లో వచ్చిన మార్పు ప్రకారం సొంతానికి తీసుకునే ఫొటోలకు రుసుము లేదు. ఫ్లాష్, ట్రైపాడ్ మాత్రం వాడకూడదు. ఎండ నడినెత్తికి వచ్చాక కెమెరా సంచిలో పెట్టి ఎదురుగా ఉన్న మ్యూజియంలోకి వెళ్లండి. 1968లో బయటపడ్డ సమాధి పైకప్పు పలక మీద, నీళ్లలోకి దూకుతున్న మనిషి బొమ్మ అక్కడుంది.