గ్రీకుల భూదేవి గైయానా, డిమీటరా?

గ్రీకు పురాణాల్లో భూదేవి ఎవరు, ఆమె కూడా మన భూదేవిలా ఓర్పుకు మారుపేరేనా అని అడిగారు.

గైయా, డిమీటర్ ఇద్దరూ వేరు. గైయా అంటే నేలే: కొండలు, లోయలు, మన కాళ్ల కింది మట్టి. ఆ మట్టిలో పండే ధాన్యానికి దేవత డిమీటర్. గైయా పిల్లలైన క్రోనస్, రియా ఒకటైతే పుట్టిన కూతురు డిమీటర్, కాబట్టి గైయా ఈమెకు నాయనమ్మ, అమ్మమ్మ కూడా.

ఓర్పు మాటకొస్తే, గైయాలో నాకు కనిపించింది ఓర్పు కాదు, తెగింపు. క్రీ.పూ. 700 ప్రాంతపు కవి హెసియడ్ చెప్పిన కథలో, ఆకాశ దేవుడు యురేనస్ పుట్టిన పిల్లల్ని పుట్టినట్టే మళ్లీ ఆమె కడుపులోకి తోసేస్తుంటాడు. ఆ నొప్పి భరించలేక ఆమే కొడవలి తయారుచేసి కొడుకు క్రోనస్ చేతికిచ్చింది. వాడు తండ్రి పురుషాంగాన్ని కోసేసి రాజయ్యాడు. తర్వాత క్రోనస్ కూడా తన పిల్లల్ని మింగేయడం మొదలుపెడితే, తర్వాత దేవతల రాజైన జ్యూస్‌ని పసివాడిగా క్రీట్ ద్వీపంలో దాచిపెట్టింది గైయానే. ఆ జ్యూస్ గెలిచి, ఆమె పిల్లలైన టైటన్లను పాతాళంలో బంధించాక ఆయన మీద కూడా ఎదురు తిరిగింది. ఆ కోపంతోనే జెయింట్స్ అనే రాక్షసుల్ని కని దేవతల మీదికి పంపిందని తర్వాతి కథకులు రాశారు.

ఈ తల్లి బాధ నాకు బెర్లిన్ పెర్గమాన్ మ్యూజియంలో బాగా అర్థమైంది. అక్కడ చదువుకునే రోజుల్లో, 2014లో ఆ హాలు మరమ్మతులకు మూయకముందు చూశాను. ఇప్పటి టర్కీలోని బెర్గామా నుంచి తెచ్చిన, క్రీ.పూ. 2వ శతాబ్దపు బలిపీఠం అది, దాని మీద దేవతలకూ ఆ జెయింట్స్‌కూ జరిగిన యుద్ధం చెక్కి ఉంటుంది. ఒకచోట జ్యూస్ కూతురు, యుద్ధ దేవత ఎథీనా రెక్కలున్న ఒక యువకుణ్ణి జుట్టు పట్టి లాగుతుంటుంది. వాడు జెయింట్స్‌లో ఒకడైన ఆల్కియొనియస్ అంటారు. పుట్టిన నేల మీద ఉన్నంతసేపు వాడికి చావు లేదు, అందుకే నేల నుంచి లాగేస్తోంది. పక్కనే గైయా నడుము దాకా నేలలోంచి పైకి లేచి, కొడుకుని వదిలేయమని వేడుకుంటోంది. అవతల విజయ దేవత నైకీ అప్పుడే ఎథీనా వైపు ఎగిరి వస్తోంది. మన నరకాసురుడు కూడా భూదేవి కొడుకే కదా, ఆ శిల్పం ముందు నాకు వాడే గుర్తొచ్చాడు. చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

డిమీటర్ పద్ధతి వేరు. కూతురు పెర్సెఫొనీని పాతాళ రాజు హేడిస్ ఎత్తుకుపోతే ఆమె ఆయుధం పట్టలేదు, పంట ఆపేసింది. మనుషులు ఆకలితో పోతే దేవతలకు బలులు ఇచ్చేదెవరు? చివరికి జ్యూసే దిగొచ్చాడు. అయినా పాతాళంలో దానిమ్మ గింజ తిన్నందుకు పెర్సెఫొనీ ఏడాదిలో మూడో వంతు అక్కడే ఉండాల్సి వచ్చింది. ఏథెన్స్‌కి సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని ఎల్యూసిస్‌లో ఈ తల్లీకూతుళ్ల పేరిట రహస్య దీక్షలు జరిగేవి. లోపల చూసింది బయట చెబితే మరణశిక్షే. ఇప్పుడు ఆ ఊరి చుట్టూ ఫ్యాక్టరీలు. అయినా కొండరాయిలోనే తొలిచిన దీక్షా మండపం మెట్లు ఇంకా ఉన్నాయి, ఏథెన్స్ వెళ్తే తప్పకుండా చూడండి.

చదవాలనుకుంటే డిమీటర్ మీద ఉన్న ప్రాచీన స్తోత్రంతో మొదలుపెట్టండి, చిన్నదే. అందులో పెర్సెఫొనీ ఒక అందమైన నార్సిసస్ పువ్వు కోసం చెయ్యి చాచగానే నేల చీలి హేడిస్ రథం పైకొస్తుంది. జ్యూస్ కోరికపై, ఆ పిల్లకు ఎరగా ఆ పువ్వును పూయించింది ఎవరనుకున్నారు? ముత్తవ్వ గైయానే. డిమీటర్, గైయా ఒకటే అనేవాళ్లకి నేను ముందు చూపించేది ఈ చోటే.