డెమోగ్రఫీ చదివితే ఉద్యోగాలు ఉంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. గణితం, స్టాటిస్టిక్స్ సబ్జెక్టులు. పీజీలో డెమోగ్రఫీ (జనాభా శాస్త్రం) చేస్తానని పట్టుబట్టింది. ధనిక దేశాల్లో జనం తగ్గిపోతున్నారు, పేద దేశాల్లో పెరిగిపోతున్నారు, ఎందుకిలా అన్నదాని మీదే పని చేస్తానంటోంది. జనాభా లెక్కలు పదేళ్లకోసారి రాసుకునేవే కదా, దానికో పీజీ ఎందుకు? డేటా సైన్స్ అయితే త్వరగా స్థిరపడుతుందని నా ఆలోచన. ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా? విదేశాలకు పంపాలంటే ఎప్పుడు పంపాలి?

జవాబు: చదవనివ్వండి సార్. కాకపోతే ఒక్క షరతు. ఇప్పటిదాకా చదివిన స్టాటిస్టిక్స్‌ను పక్కన పడేయకూడదు. ఈ రంగంలోకి వచ్చి ఉద్యోగం దొరక్క తిప్పలు పడేవాళ్లలో చాలామంది జనాభా సమస్య మీద పది పేజీలు అలవోకగా రాస్తారు. ఓ వయసుల పట్టిక చేతికిస్తే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. మీ అమ్మాయి లెక్కల వైపు నుంచి వస్తోంది కాబట్టి ఈ విషయంలో మీకన్నా నాకే ధైర్యం ఎక్కువ.

జనగణనకు ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునేవాళ్లు ఎన్యుమరేటర్లు. ఆ పని కొద్ది వారాల్లో అయిపోతుంది. అలా వచ్చిన వివరాలను ఎంతవరకు నమ్మొచ్చో తేల్చడం, వాటిని బట్టి రాబోయే ఇరవై ముప్పై ఏళ్లలో ఎన్ని తరగతి గదులు, ఎన్ని ఆస్పత్రి పడకలు, ఎంత పింఛను సొమ్ము కావాలో అంచనా కట్టడం డెమోగ్రాఫర్ పని. ఇది ఏడాది పొడవునా ఉండేదే.

ఇక అమ్మాయి అంటున్న మాట. అందులో సగమే నిజం ఉంది, ఆ సంగతి ఆమెకు ఇప్పుడే తెలిస్తే మేలు. పాఠ్యపుస్తకాలు ప్రపంచాన్ని అభివృద్ధి చెందినవి, చెందుతున్నవి అని రెండు గదుల్లో పెట్టేస్తాయి. 1960ల్లో చూస్తే ఆ బొమ్మ దాదాపు సరిపోయేది. ఇప్పుడు సరిపోదు. జనాభా తగ్గకుండా నిలవాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు ఉండాలంటారు. ప్రపంచ దేశాల్లో సగానికి పైగా ఈ గీత కిందికి వచ్చేశాయి. వాటిలో దక్షిణ కొరియా లాంటి ధనిక దేశం ఉంది. 2023లో అక్కడ ఈ సగటు 0.72. కానీ ధనిక దేశం అనిపించుకోని థాయిలాండ్ కూడా అదే గీతకు ఎంతో కింద ఉంది. బంగ్లాదేశ్‌నే తీసుకోండి. 1970ల మొదట్లో ఒక్కో తల్లికి ఆరుగురికి పైగా పిల్లలు. ఇప్పుడు అటూ ఇటూగా ఇద్దరు. ఆ దేశం ధనవంతురాలయ్యాక జరిగిన మార్పు కాదిది. అక్కడి మత్లబ్ అనే గ్రామీణ ప్రాంతంలో 1966 నుంచి జనన మరణాలను క్రమం తప్పకుండా నమోదు చేస్తున్నారు. 1977 నుంచి అందులో సగం ఊళ్లలో మహిళా కార్యకర్తలు ఇంటి గడప దాకా వెళ్లి గర్భనిరోధక సాధనాలు ఇచ్చారు, మిగతా ఊళ్లను మామూలు సర్కారీ సేవలకే వదిలారు. కార్యకర్తలు వెళ్లిన ఊళ్లలో కాన్పులు త్వరగా తగ్గాయి. ఆదాయం పెరిగితేనే పిల్లలు తగ్గుతారన్న మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చడానికి ఇలాంటి చోట్ల పోగైన లెక్కలే ఆధారం. ఆడపిల్లల చదువు, పసిబిడ్డలు బతుకుతారన్న నమ్మకం, సాధనాలు చేతికందడం, ఈ మూడింటిలో దేని వాటా ఎంత అన్న వాదన ఇప్పటికీ సాగుతూనే ఉంది.

నలభై యాభై ఏళ్ల కిందట జనాభా విస్ఫోటనం అని భయపెట్టినవాళ్లూ, ఇప్పుడు జనాభా పతనం అని భయపెడుతున్నవాళ్లూ నాకైతే ఒకే బాపతుగా కనిపిస్తారు. ఇద్దరూ మొత్తం తలలే లెక్కపెడతారు, ఏ వయసువాళ్లు ఎంతమందో చూడరు.

ఆ చూడకపోవడం వల్ల ఎంత పొరపాటు జరుగుతుందో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. మీ అమ్మాయి చేత చేయించండి. జపాన్‌లో ఏటా వెయ్యి మంది జనాభాకు 12కు పైగా మరణాలు నమోదవుతున్నాయి. బంగ్లాదేశ్‌లో ఆ సంఖ్య దాదాపు సగం. ఈ రెండు అంకెలే ఇస్తే ఆరోగ్యంగా ఉన్న దేశం ఏదంటారు? నిజానికి జపాన్ వాళ్లు సగటున పదేళ్ల దాకా ఎక్కువ బతుకుతారు. తిరకాసు వయసుల్లో ఉంది. జపాన్‌లో ప్రతి వంద మందిలో 29 మంది 65 ఏళ్లు దాటినవాళ్లు. బంగ్లాదేశ్‌లో అలాంటివాళ్లు పదిమంది కూడా లేరు. ముసలివాళ్లు ఎక్కువున్న చోట మరణాలు ఎక్కువే ఉంటాయి. అందుకని ముందు ప్రతి వయసు గుంపుకూ విడివిడిగా మరణాల రేటు కట్టాలి. తర్వాత ఏ వయసువాళ్లు ఎంతమందో ముందే ఖాయం చేసుకున్న ఒకే నమూనా జనాభాకు రెండు దేశాల రేట్లనూ వేసి చూడాలి. అప్పుడు వరస తారుమారవుతుంది. జనాభా పట్టికలన్నీ ఐక్యరాజ్యసమితి వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, మామూలు ఎక్సెల్ చాలు. ఓ రెండు సాయంత్రాలు దీనితో కూర్చుని, తర్వాత తనంతట తానే మరో రెండు దేశాలను వెతుక్కుందంటే ఆమెకు ఈ చదువు పడుతుంది. విసుక్కుంటే మాత్రం మీరు చెప్పిన డేటా సైన్స్ గురించి మాట్లాడుకుందాం.

ఉద్యోగాలు పుట్టేది కూడా ఈ వయసుల తేడాలోంచే. 65 దాటినవాళ్ల వాటా 7 శాతం నుంచి 14 శాతానికి చేరడానికి ఫ్రాన్స్‌కు 115 ఏళ్లు పట్టింది. జపాన్‌కు 1970 నుంచి 1994 దాకా, అంటే 24 ఏళ్లు. దక్షిణ కొరియాకు 18 ఏళ్లే. ఫ్రాన్స్‌కు పింఛన్లు, ఆస్పత్రులు, వృద్ధుల సంరక్షణ ఏర్పాటు చేసుకోవడానికి నాలుగైదు తరాల వ్యవధి దొరికింది. థాయిలాండ్ లాంటి దేశాలకు ఒక తరం కూడా దొరకడం లేదు, చేతిలో అంత డబ్బూ లేదు. బీమా కంపెనీలు, పింఛను సంస్థలు, ఆరోగ్య శాఖలు ఈ లెక్కలు తెలిసినవాళ్లను వెతుక్కుంటున్నది అందుకే. బీమా వైపు వెళ్లాలనుకుంటే యాక్చూరియల్ పరీక్షలు (బీమా, పింఛన్ల రిస్కు లెక్కలు కట్టే నిపుణుల అర్హత పరీక్షలు) విడిగా రాయాలి. అది వేరే దారి, జీతం బాగుంటుంది, దేశదేశాల సంగతులు మాత్రం అందులో తక్కువ.

రెండో కొసన నైజర్ ఉంది. అక్కడి జనంలో దాదాపు సగం మంది 15 ఏళ్ల లోపువాళ్లు. రేపటి నుంచే అక్కడ ప్రతి జంటా ఇద్దరితో ఆపేసినా జనాభా ఇంకా కొన్ని దశాబ్దాలు పెరుగుతూనే ఉంటుంది. రేపటి తల్లిదండ్రులు ఇప్పటికే పుట్టేసి ఉన్నారు మరి. అక్కడ కావాల్సింది ఏ ఊళ్లో ఎన్ని బడులు, ఎంతమంది టీచర్లు, ఎన్ని టీకాలు అన్న లెక్క. చిక్కేమిటంటే, అంకెలు బాగా అవసరమైన చోటే అంకెలు లేవు. కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో చివరి జనగణన జరిగింది 1984లో. నైజీరియాలో 2006లో. ఈ నైజీరియా జనాభా 2100 నాటికి 73 కోట్లు అవుతుందని ఐక్యరాజ్యసమితి 2019లో అంచనా వేసింది. 2024లో ఆ అంచనాను 48 కోట్ల లోపుకు దించింది. ఐదేళ్లలో పాతిక కోట్ల తేడా! దాన్ని తప్పుగా చూడను. కొత్త సర్వేలు వచ్చినకొద్దీ పిల్లల సగటు ముందు అనుకున్నదానికన్నా వేగంగా తగ్గుతోందని తేలింది. కానీ ఆ మధ్యలో బడులకు, రోడ్లకు ప్రణాళిక వేసినవాళ్ల సంగతి ఊహించండి.

అంకెలు లేని చోట అంకెలు రాబట్టడమే నా దృష్టిలో ఈ చదువులో అసలైన మజా. మరణాలు నమోదు కాని దేశంలో ఎంతమంది పసిబిడ్డలు చనిపోతున్నారో ఎలా తెలుసుకుంటారు? విలియం బ్రాస్ అనే డెమోగ్రాఫర్ ఆఫ్రికా లెక్కలతో కుస్తీ పడుతూ దీనికో ఉపాయం కనిపెట్టాడు. తల్లులను రెండే ప్రశ్నలు అడగాలి. ఎంతమందిని కన్నావమ్మా? అందులో ఇప్పుడు బతికున్నది ఎంతమంది? జవాబులను తల్లుల వయసు ప్రకారం విడగొట్టాలి. 20 నుంచి 24 ఏళ్ల తల్లుల పిల్లల్లో చనిపోయినవాళ్ల వాటా, కొద్ది సవరణతో, రెండేళ్లు నిండకముందే బిడ్డ చనిపోయే అవకాశానికి దగ్గరగా వస్తుంది. 30 నుంచి 34 ఏళ్ల తల్లుల దగ్గర వచ్చే వాటా ఐదేళ్ల లోపు మరణాలను చెబుతుంది. తారీఖులు గుర్తులేకపోయినా, ధ్రువపత్రాలు లేకపోయినా లెక్క తేలుతుంది.

వయసుల విషయంలోనూ ఇలాంటి పరిశోధన ఉంది. పుట్టిన తేదీ తెలియనివాళ్లు సున్నాతోనో ఐదుతోనో ముగిసే వయసు చెబుతారు. పట్టికలో 29, 30, 31 పక్కపక్కన పెట్టి చూస్తే 30 దగ్గర గీత ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ ఎత్తు కొలవడానికి విప్పుల్ (Whipple) సూచిక ఉంది. 100 వస్తే జనం వయసులు సరిగ్గా చెప్పినట్టు, 500 వస్తే అందరూ సున్నాతోనో ఐదుతోనో ముగిసే వయసే చెప్పినట్టు. ఒక దేశంలో చదువు ఎంత వ్యాపించిందో ఈ ఒక్క అంకె చూసి చాలావరకు పసిగట్టొచ్చు. ఇప్పుడైతే ఉపగ్రహ చిత్రాల్లో ఇళ్లు లెక్కపెట్టి, కొన్నిచోట్ల చేసిన నమూనా సర్వేతో కలిపి జనాభాను అంచనా కట్టే పని కూడా సాగుతోంది. బ్రిటన్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో వరల్డ్‌పాప్ బృందం చేస్తున్నది ఇదే. మీరంటున్న డేటా సైన్స్ ఇందులో నిండుగా ఉంది. అందుకే ఈ రెండింటిలో ఏదో ఒకటే తేల్చుకోవాలనుకోకండి. ఆర్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషల్లో ఒకటి బాగా నేర్చుకుని, దానితోపాటు లైఫ్ టేబుల్ (ఏ వయసులో ఎంతమంది చనిపోతారో, ఇంకా ఎన్నేళ్లు బతుకుతారో చూపే పట్టిక) కట్టడం వచ్చినవాళ్లకు వట్టి కోడింగ్ వచ్చినవాళ్ల కన్నా పోటీ తక్కువ.

ఉద్యోగాలు ఎక్కడెక్కడ అంటారా? దేశాల గణాంక సంస్థలు, ఐక్యరాజ్యసమితి జనాభా విభాగం, జనాభా నిధి, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు, ప్రజారోగ్య పరిశోధన సంస్థలు, నగర ప్రణాళిక, మార్కెట్ రీసెర్చ్, విశ్వవిద్యాలయాలు. వినడానికి పేర్లు ఘనంగానే ఉన్నాయి గానీ ఐక్యరాజ్యసమితిలో పోస్టులు తక్కువ, చాలావరకు కాంట్రాక్టువి. ఇక్కడ మీకో ప్రమాదం కూడా చెప్పాలి. పేద దేశాల్లో కాన్పులు, పిల్లల ఆరోగ్యం మీద అన్నిటికన్నా ఎక్కువగా వాడే సర్వేలు అమెరికా ప్రభుత్వ సాయంతో 1984లో మొదలైన డీహెచ్‌ఎస్ (డెమోగ్రాఫిక్ అండ్ హెల్త్ సర్వేస్) కార్యక్రమం కింద జరిగేవి. దాదాపు 90 దేశాల్లో 400కు పైగా సర్వేలు చేశారు. 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశీ సాయంలో కోత పెట్టడంతో అది ఆగిపోయింది. అనుభవజ్ఞులు సైతం ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. దాతల డబ్బు మీద నడిచే కొలువులకు ఈ గండం ఎప్పుడూ ఉంటుంది. అందుకే తొలి ఉద్యోగం గణాంక సంస్థలోనో, ఆరోగ్య పరిశోధనలోనో, బీమాలోనో వెతుక్కుని, అంతర్జాతీయ సంస్థల వైపు నాలుగైదేళ్ల అనుభవంతో వెళ్లడం మంచిదంటాను. కాదనేవాళ్లూ ఉన్నారు.

చదువుకు ముంబైలోని ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్ ఉంది. ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో 1956లో మొదలైంది. ఆసియా, ఆఫ్రికా దేశాల విద్యార్థులు అక్కడికే వచ్చి చదువుకుంటారు. బయట పారిస్ శివారులోని ఐనెడ్ (ఫ్రాన్స్ జాతీయ జనాభా అధ్యయన సంస్థ), జర్మనీలో రోస్టాక్ నగరంలోని మ్యాక్స్ ప్లాంక్ డెమోగ్రఫీ సంస్థ, లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పేరున్నవి. పీజీకే అప్పు చేసి విదేశాలకు పంపడం నాకు నచ్చదు. పీజీ పూర్తిచేసి, ఏదైనా ఒక దేశం లెక్కలతో సొంతంగా ఓ చిన్న పరిశోధనా వ్యాసం రాసుకుని, స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీకి దరఖాస్తు చేయమనండి. అప్పుడు మీ చేతి డబ్బు పెద్దగా ఖర్చుకాదు. దరఖాస్తుకు ముందే అక్కడి అధ్యాపకులకు ఈమెయిల్ రాయాలి. నాకు జనాభా అంటే ఆసక్తి అని కాకుండా, మీ ఫలానా పద్ధతిని ఫలానా దేశానికి వాడితే ఈ తేడా వచ్చింది, ఎందుకంటారు అని రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఇంకొక్కటి. పీజీ చదివే రెండేళ్లలో ఫ్రెంచ్ నేర్చుకుంటానంటే వద్దనకండి. నైజర్, చాద్, కాంగో, ఇలా కాన్పులు బాగా ఎక్కువున్న దేశాల్లో చాలాచోట్ల ఆఫీసు వ్యవహారం ఎక్కువగా ఫ్రెంచ్‌లోనే. సర్వే ఫారాలూ చాలావరకు అందులోనే ఉంటాయి. లెక్కలూ ఫ్రెంచ్ రెండూ వచ్చిన అభ్యర్థులు తక్కువగా దొరుకుతారు.