గోలా బండి పెట్టేవాళ్ళు ముందు ఐసు సంగతి చూసుకోవాలి

చిరువ్యాపారం: మీ ప్రశ్నలు, నా జవాబులు

ప్రశ్న: మాది భీమవరం. మావారు రొయ్యల చెరువులకు మేత సరఫరా చేస్తారు. ఇంటి ముందు చిన్న షెడ్డు ఖాళీగా ఉంది. పక్కనే కాలేజీ, సాయంత్రమైతే ట్యూషన్ పిల్లలు. శివరాత్రి నుంచి జూన్ దాకా ఐస్ గోలా అమ్మాలని నా ఆలోచన. చేతిలో 50 వేలున్నాయి. ఒకాయన ఆటోమేటిక్ మిషను, 24 రకాల సిరప్‌లు కలిపి ప్యాకేజీగా ఇస్తానంటున్నాడు. నా డబ్బు దాదాపు మొత్తం దానికే సరిపోతుంది. ఐసుకు ఇబ్బంది లేదు, ఫ్యాక్టరీ మా వీధి చివరే. తీసుకోమంటారా? – ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: తీసుకోవద్దమ్మా. మిషను మంచిదా కాదా అన్నది తర్వాత సంగతి. "ఐసుకు ఇబ్బంది లేదు" అని మీరు రాసిన ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ వ్యాపారం నిలబడేది, పడిపోయేది అక్కడే.

మీ ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీలు నడిచేది చేపల కోసం, రొయ్యల కోసం. మీవారిని అడగండి, నాకన్నా ఆయనకే బాగా తెలుస్తుంది. ఇనప డబ్బాల్లో నీళ్ళు నింపి, వాటిని ఉప్పునీటి తొట్టిలో దించి గడ్డ కట్టిస్తారు. ఆ డబ్బా లోపల తుప్పు ఉండొచ్చు, ఆ నీళ్ళు నేరుగా బోరులోంచి వచ్చినవి కావచ్చు. గడ్డని నేల మీద ఈడుస్తారు, ఊక కప్పుతారు, గోనెపట్టా చుడతారు. లారీలో రొయ్యల మీద చల్లడానికి అది చాలు. పిల్లాడి నోట్లోకి పోయే ఐసుకు చాలదు. మా కాకినాడలో హార్బరు దగ్గర కూడా ఇదే తంతు. గోలా బండ్ల వాళ్ళు అక్కడ దిమ్మలు కొనుక్కుపోవడం చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. గడ్డ కట్టినంత మాత్రాన సూక్ష్మజీవులు చావవు, నిద్రపోతాయంతే. కరగగానే లేస్తాయి. మహారాష్ట్రలో 2018లో తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని ఆదేశం ఇచ్చారంటే ఈ రెండు ఐసులూ ఎంతగా కలిసిపోతున్నాయో ఊహించుకోండి.

కాబట్టి మీ ముందు రెండు దారులున్నాయి. తినే ఐసు తయారుచేసే యూనిట్ దగ్గర్లో ఉంటే అక్కడ కొనండి. బిల్లు మీద వాళ్ళ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ నంబరు, అంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెలది, ఉందో లేదో చూడండి. "మాది మినరల్ వాటరేనండీ" అన్న నోటిమాట లెక్కలోకి రాదు. లేదంటే సొంతంగా గడ్డ కట్టించుకోండి. నా ఓటు రెండోదానికే.

రోజుకు ఎంత ఐసు కావాలో ముందు లెక్క వేద్దాం. ఒక గోలాకు సుమారు 200 గ్రాముల ఐసు పడుతుంది. వంద గోలాలకు 20 కిలోలు. కరిగిపోయేది, మిషన్లో చివర మిగిలిపోయే ముక్కలు కలుపుకుంటే 30 కిలోలు పెట్టుకోవాలి. ఇక డీప్ ఫ్రీజరు. 300 లీటర్ల ఫ్రీజరు అంటే రోజూ అంత ఐసు చేసిస్తుందనుకునేరు. అది గడ్డకట్టిన సరుకు దాచడానికి చేసిన పెట్టె. 24 గంటల్లో ఎన్ని కిలోలు గడ్డ కట్టించగలదో కంపెనీ కాగితంలో విడిగా ఉంటుంది, ఆ అంకె అడిగి మరీ కొనండి. వేడి నీళ్ళు, మండే ఎండ, మాటిమాటికీ మూత తీయడం, ఇవన్నీ ఆ అంకెను ఇంకా కిందికి లాగుతాయి. అందుకే సీజనుకు వారం ముందునుంచే గడ్డలు కట్టించి పేర్చుకుంటూ రండి. నిండుగా ఉన్న ఫ్రీజరు కరెంటు పోయినా మూత తీయకపోతే చాలాసేపు చల్లదనం నిలుపుకుంటుంది, ఖాళీది నిలుపుకోదు. మీ పెట్టుబడిలో సగానికి పైగా దీనికే పోతుంది. పోనివ్వండి. స్టెబిలైజరు మాత్రం మరచిపోకండి.

నీళ్ళు కాచి చల్లార్చి పోస్తే గడ్డ కాస్త తేటగా వస్తుంది. ఆహారానికి పనికొచ్చే ప్లాస్టిక్ డబ్బాలు, మీ మిషను నోట్లో సరిగ్గా పట్టే కొలతవి తీసుకోండి. అంటే మిషను కొలత చూశాకే డబ్బాలు కొనాలి.

మిషన్లలో మూడు రకాలు మీ కంటబడతాయి. చెక్కకు బ్లేడు బిగించి, దాని మీద ఐసు గడ్డను గుడ్డతో పట్టుకుని తోసే పాతరకం ఒకటి, వడ్రంగి చిత్రిక తిరగేసి పెట్టినట్టుంటుంది. చెక్క తడి పీల్చుకుని నల్లబడుతుంది, వేళ్ళకూ ప్రమాదం. దాని జోలికి వద్దు. రెండోది గడ్డను పైనుంచి ముళ్ళతో నొక్కిపట్టి, పిడి తిప్పితే గడ్డే గుండ్రంగా తిరుగుతూ కింది బ్లేడు మీద సన్నగా తురుముకుపోయేది. ఇందులో చేతితో తిప్పేవీ, చిన్న మోటారుతో తిరిగేవీ దొరుకుతాయి. మూడోది చిన్న ఐసు ముక్కలు పైనుంచి పోస్తే పొడి చేసి కింద రాల్చేది. మీకు చెప్పిన ఆటోమేటిక్ మిషను ఈ మూడో రకమే అయివుంటుంది, ప్యాకేజీల్లో ఎక్కువగా అదే అంటగడతారు. అది ఐసును తురమదు, పగలగొడుతుంది. వచ్చేది పలుకులు పలుకులుగా ఉంటుంది. పలుకుల మధ్య సందుల్లోంచి సిరప్ అంతా జారి కప్పు అడుక్కి చేరుతుంది. పిల్లలు రెండు పీల్పుల్లో రంగు లాగేసి, మిగిలిన తెల్ల గడ్డ పారేస్తారు. రేపు మళ్ళీ రారు.

మీరు గడ్డను తురిమే రకమే తీసుకోండి. చేత్తో తిప్పేది కొన్ని వేలల్లో వస్తుంది. కొనేముందు ఒక గడ్డ పెట్టించి తిప్పి చూడండి. తురుము దూదిలా రాలాలి, అరచేతిలోకి తీసుకుంటే చప్పుడు లేకుండా అణగాలి. బ్లేడు ఎత్తు సర్దడానికి మర ఉందా, బ్లేడు స్టెయిన్‌లెస్ స్టీలుదేనా, విప్పి కడగడానికి ఎన్ని మరలు తీయాలి, పదును పోతే వేరే బ్లేడు మీ ఊళ్ళో దొరుకుతుందా, ఇవి అడగండి. పైకి మెరిసే పెయింటు చూసి మురిసిపోవద్దు, ఐసు తగిలే చోట పెయింటే ఉండకూడదు. రెండో బ్లేడు మొదటిరోజే కొనిపెట్టుకోండి. మోటారుది తీసుకుంటే మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు తప్పనిసరి, ఎందుకంటే రోజంతా మీ చేతులు తడిగానే ఉంటాయి.

ఒక పని మాత్రం ఎవరూ నేర్పరు, రాసిపెట్టుకోండి. ఫ్రీజరులోంచి తీయగానే గడ్డ మీద తెల్లటి పొడి పట్టి ఉంటుంది, వేలు పెడితే అతుక్కుంటుంది. అప్పుడే మిషన్లో పెడితే పెళపెళమని పగిలి ఇసకలా రాలుతుంది. పది పదిహేను నిమిషాలు మూతపెట్టిన స్టీలు పళ్ళెంలో వదిలేయండి. ఆ తెల్లదనం పోయి గడ్డ అద్దంలా, తడిగా మెరవడం మొదలవుతుంది. అప్పుడు తిప్పండి. అదే గడ్డ, అదే బ్లేడు, తురుము మాత్రం పూర్తిగా వేరు. ఒక గడ్డ తురుముతుండగా రెండోది బయట సిద్ధంగా ఉండాలి.

ఇక సిరప్‌లు. 24 వద్దమ్మా, ఐదు చాలు. ఆ ఐదింటిలో మూడు మీ వంటింట్లో తయారవ్వాలి, అప్పుడే పక్క వీధి గోలాకీ మీ గోలాకీ తేడా తెలుస్తుంది. మూలపాకం ఒక్కటే: లీటరు నీటికి రెండు కిలోల పంచదార, నాలుగైదు గ్రాముల నిమ్మఉప్పు. పంచదార కరిగి ఒక్క పొంగు రాగానే దించండి. తీగపాకం దాకా పోనిస్తే చల్లారాక అడుగున పలుకు కడుతుంది. ఈ కొలతకు దాదాపు రెండుంపావు లీటర్ల పాకం వస్తుంది. పంచదార కిలో 45 అనుకుంటే గోలాకు పోసే 50 మిల్లీలీటర్లకు రెండు రూపాయలే. నీళ్ళు ఎక్కువ పోసి మిగుల్చుకుందామని చూడకండి. సగానికి సగం పంచదార ఉన్న పాకం ఎండల్లో తొందరగా పులుస్తుంది. మూడింట రెండు వంతులుంటే పులియదు. కంపెనీ వాళ్ళ సింథటిక్ సిరప్‌కు కూడా చట్టం పెట్టిన కనీస గాఢత 65 శాతం, ఊరికే పెట్టలేదు.

మామిడికి చిత్తూరు వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తోతాపురి గుజ్జు డబ్బా తీసుకోండి, పెద్దది 3.1 కిలోలుంటుంది. తెరిచిన రోజే చిన్న డబ్బాల్లోకి పంచి ఫ్రీజరులో పెట్టేయండి. గుజ్జు, చల్లారిన పాకం సమానంగా కలిపితే సరి. గుజ్జు కలిసిందంటే పంచదార వంతు తగ్గిపోయినట్టే, కాబట్టి అది ఫ్రిజ్‌లోనే ఉండాలి, మూడు రోజుల్లో అయిపోవాలి. నిమ్మకు రసాన్ని చల్లారిన పాకంలోనే కలపండి, వేడిలో పోస్తే చేదెక్కుతుంది. కాలేజీ పిల్లలు అడిగేది కాలా ఖట్టా. నేరేడు గుజ్జులో నల్ల ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి, నిమ్మరసం పడితే దాని ముందు ఏ కొన్న సీసా నిలవదు. కాకపోతే నేరేడు పండ్లు మీ సీజను ముగిసే వేళకు వస్తాయి. ఈ జూన్, జూలైలో గుజ్జు తీసి ఫ్రీజరులో దాచుకుంటే వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఈ ఏడాదికి కొన్న సీసాలోనే జీలకర్ర, నల్ల ఉప్పు వేసి నడిపించండి.

రుచి ఎప్పుడూ చెంచాతో చూడకండి, ఐసు మీద పోసి చూడండి. చల్లదనంలో తీపి తక్కువగా తెలుస్తుంది, కరిగే నీళ్ళు ఇంకా పలుచన చేస్తాయి. చెంచాలో కాస్త గట్టిగా, కాస్త పుల్లగా అనిపించేదే ఐసు మీద సరిపోతుంది.

ఎరుపు, ఆకుపచ్చ, నారింజ కావాలని చిన్నపిల్లలు అడుగుతారు. అవి మాత్రం మీరు కలపొద్దు, పేరున్న కంపెనీ సీసా కొనండి. మన దేశంలో ఆహారంలో వాడనిచ్చే కృత్రిమ రంగులు ఎనిమిదే, వాటికీ మోతాదు ఉంది, చిటికెతో కొలిచేది కాదు. బజారులో విడిగా పొట్లం కట్టి ఇచ్చే మెరిసే గులాబీ రంగు బట్టలకు అద్దేది కావచ్చు. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయినే నిషేధించింది, అందులో దొరికిన రోడమిన్-బి అలాంటి రంగే.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఎఐ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే అవుతుంది, మీలాంటి చిన్న షాపుకు రుసుము తక్కువే. షట్టరు ఎత్తకముందే తీసుకుని కాగితం కనబడేలా తగిలించండి.

ప్రశ్న: గోలాకు ప్లాస్టిక్ కప్పులు, చెంచాలు చవగ్గా వస్తున్నాయి. వాడితే ఏమవుతుంది? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: 2022 జూలై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, చెంచాలు, స్ట్రాలు, ఐస్‌క్రీమ్ పుల్లలు అన్నీ నిషేధంలో ఉన్నాయి. మున్సిపాలిటీ వాళ్ళొస్తే సరుకూ పోతుంది, జరిమానా కూడా పడుతుంది. పేపరు కప్పు, చెక్క చెంచా, వెదురు పుల్ల వాడండి. పేపరు కప్పు కొనేముందు అందులో ఐసు నింపి అరగంట ఉంచండి, అడుగు మెత్తబడితే ఆ రకం వద్దు.

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు. మా వైపు నన్నారి (సుగంధపాల వేర్ల షర్బత్) లేనిదే వేసవి లేదు. గోలా మీదకు నన్నారి పోయాలని ఉంది. ఎసెన్సు సీసా కొనమంటారా, వేర్లతో చేయమంటారా? వేర్లతో ఒకసారి చేస్తే వాసనే రాలేదు. – ఒక పాఠకుడు

జవాబు: వేర్లతోనే చెయ్యి తమ్ముడూ. కర్నూల్లో ఉండి ఎసెన్సు కొనడమేంటి? నువ్వు బాగా మరిగించి ఉంటావు, అందుకే వాసన పోయింది. సుగంధపాల వేరులోని పరిమళం ఆవిరితో పాటు ఎగిరిపోయే రకం. అది పైబెరడులోనే ఉంటుంది. వేర్లను మట్టి పోయేదాకా కడిగి, కాస్త దంచి, నడుమనున్న గట్టి పుల్ల తీసి పారెయ్. బెరడును రాత్రంతా మంచినీళ్ళలో మూతపెట్టి నానబెట్టు. పొద్దున సన్నటి సెగ మీద మూత తీయకుండా వేడెక్కనివ్వు, తెర్లనివ్వకు. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టు. ఆ నీళ్ళు లీటరుంటే రెండు కిలోల పంచదార వేసి, మళ్ళీ మూతపెట్టి, కరిగేదాకా మాత్రమే వేడి చెయ్యి. నిమ్మఉప్పు చివర్లో వెయ్యి.

రంగు లేత గోధుమగానే వస్తుంది, కంగారు పడకు. కొన్న సీసాల్లో కనబడే ముదురు రంగు చాలావరకు మాడ్చిన పంచదారది. కావాలంటే నువ్వూ నాలుగు చెంచాల పంచదార మాడ్చి కలుపుకోవచ్చు, మోతాదు మించితే చేదు. వేర్లు సరిగ్గా దొరకని నెలల్లో గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో నన్నారి షర్బత్ అడిగి చూడు. గోలా మీద నన్నారి ఒక్కటే పోస్తే తియ్యగా మొహం మొత్తుతుంది, పైన అరచెక్క నిమ్మకాయ పిండు, చిటికెడు ఉప్పు చల్లు. సీసాలు వేడినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాకే నింపు. తడి సీసా మెడ దగ్గరే మొదట బూజు పడుతుంది.