గండికోట నడక రాసే అబ్బాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

గండికోట మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మొదటి వాక్యంలోనే "భారతదేశపు గ్రాండ్ కాన్యన్" అన్నావు. ముందు ఆ మాట కొట్టెయ్యి. అమెరికా లోయలో మైలుకు మించిన లోతున్న చోట్లున్నాయి, పోల్చామంటే చిన్నబోయేది మన పెన్నే. పేరులోనే సంగతంతా ఉండగా అరువు మాట దేనికి? ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుపోయిన చోటు గండి. దాని ఒడ్డున కట్టింది కోట. అక్కడ మొదలుపెట్టు.

శీర్షికలో "కుటుంబంతో" అని పెట్టావు. అంటే నీ పాఠకురాలు ఒక చేత్తో ఆరేళ్ల పిల్లాణ్ణి, ఇంకో చేత్తో మోకాళ్ల నొప్పుల అత్తగారిని పట్టుకుని బయల్దేరే మనిషి. ఎంతసేపు పడుతుంది, నీడ ఎక్కడుంది, పిల్లాడి చెయ్యి ఎక్కణ్ణుంచి వదలకూడదు, ఆమె అడిగేవి ఇవే. మూడోదానికి నీ వ్యాసంలో జవాబే లేదు. సూర్యాస్తమయానికి మాత్రం రెండు పేరాలున్నాయి!

కాబట్టి అంచు గురించి తీరిగ్గా రాయి. అక్కడున్నది గ్రానైటు కాదు, క్వార్ట్‌జైటు. ఇసుకరాయి గట్టిపడితే వచ్చే రాయి. పొరలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి, వాటిని నిలువు పగుళ్లు కోస్తాయి. అందుకే కొండ చివర ఎవరో ఇటుకలు పేర్చినట్టు కనిపిస్తుంది. చూడ్డానికి అందమే, కానీ చిక్కంతా అందులోనే ఉంది. బండకీ బండకీ మధ్య సందుల్లో పిల్లల పాదం ఇరుక్కుంటుంది. గట్టిగా కనిపించే బండ కూడా కాలు పెట్టగానే ఊగొచ్చు. వాన పడితే పాకర పట్టిన బండలు జారతాయి, హవాయి చెప్పులు పనికిరావు. లోయ అంచున పిట్టగోడ లేదు. "జాగ్రత్తగా ఉండాలి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "మట్టి నేల అయిపోయి బండలు మొదలైన చోటు నుంచి పిల్లల చెయ్యి వదలొద్దు, ఫొటోకి వెనక్కి అడుగు వెయ్యొద్దు" అని రాయి. నదిలోకి దిగే దారిని ఈ వ్యాసంలో కలపకు. అది పిల్లల నడక కాదు.

కాలం లెక్కలో కొత్తవాళ్లంతా ఒకే తప్పు చేస్తారు, తమ నడకే అందరి నడక అనుకుంటారు. చదును దారిలో పెద్దవాళ్లు గంటకు నాలుగైదు కిలోమీటర్లు పోతారు. ఆరేళ్ల పిల్లలు బండల మీద ఒకటిన్నర పోతే గొప్ప. కోట గుమ్మం నుంచి మాధవరాయస్వామి గుడికి, అక్కణ్ణుంచి జుమ్మా మసీదుకు, ధాన్యాగారానికి, చివరికి అంచుకు, ఒక్కో ముక్కకీ పట్టిన నిమిషాలు విడివిడిగా వెయ్యి. వెళ్లే దారికే లెక్క చెబుతున్నావో, రాకపోకలు రెండూ కలిపావో తేల్చి చెప్పు. మన వైపు సూర్యుడు మునిగాక చీకటి పడటానికి అరగంట కూడా పట్టదు. అస్తమయం చూడమని రాస్తే, వెంటనే వెనుదిరగమని, టార్చిలైటు తీసుకెళ్లమని కూడా అదే వాక్యంలో రాయాలి.

నీళ్లు మనిషికి లీటరు తక్కువ కాకుండా. ఏప్రిల్, మే నెలల్లో పిల్లలతో మధ్యాహ్నం వద్దని నిక్కచ్చిగా చెప్పు, మొహమాటం అక్కర్లేదు.

"లోయ నిండా నీళ్లు" అన్న వాక్యానికి నెల, సంవత్సరం తగిలించు. ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం ఉన్నాయి. గండిలో మట్టం ఒక్క వానను బట్టే ఉండదు. నువ్వు చూసిన నిండు పెన్న వేసవిలో వెళ్లినవాళ్లకు కనిపించకపోతే అబద్ధాలకోరువి నువ్వే అవుతావు.

చరిత్రనంతా ఒకే చోట కుమ్మరించావు. ఈ కోటను ఏలిన పెమ్మసాని నాయకుల మాట కోట గుమ్మం దగ్గర చెప్పు. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను పట్టుకున్నాడనీ, ఆయన్ను కలవడానికి 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికి వచ్చాడనీ మసీదు నీడలో కూర్చున్నప్పుడు చెబితే, పిల్లలు కాస్త అలుపు తీర్చుకుంటూ వింటారు. కత్తుల కోనేరులో నెత్తుటి కత్తులు కడిగారన్నది జనం చెప్పుకునే కథ. రాయి, బాగుంటుంది. "అంటారు" అన్న మాట మాత్రం మింగెయ్యకు.

ఈసారి మీ అక్క పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లు. చేతిలో గడియారం, జేబులో చిన్న నోటుబుక్కు చాలు. ధాన్యాగారం నుంచి అంచుదాకా వాళ్లకు ఎన్ని నిమిషాలు పట్టిందో, ఎన్నిసార్లు కూర్చున్నారో, నీళ్ల సీసా ఎక్కడ ఖాళీ అయిందో రాసుకుని, అప్పుడు రెండో ప్రతి పంపు.