సమాధానం: సిలికాన్ పీక్ తప్ప ఇంకేమీ రావట్లేదు

తమ్ముడూ, హైదరాబాద్ ల్యాబ్‌లో సిలికాన్ వేఫర్‌ని (పలుచని స్ఫటిక బిళ్ళని) మామూలు ఎక్స్‌రే స్కాన్ చేస్తే 69 డిగ్రీల దగ్గర ఒక్క పీకే (సంకేతం ఒక్కసారిగా ఎగసే శిఖరమే) వస్తోందని, ఉపరితలం సంగతి తెలియట్లేదని రాశావు. టెన్షన్ పడకు, శాంపిల్ బాగానే ఉండొచ్చు. ఆ స్కాన్‌లో కిరణం మైక్రాన్ల లోతుకు దిగిపోతుంది, పై వరసల్లోని పరమాణువుల సంకేతం అందులో మునిగిపోతుంది.

కిరణాన్ని ఉపరితలాన్ని రాసుకుంటూ పోయేలా పంపు. కాపర్ కె-ఆల్ఫాకు (ల్యాబ్‌లో మామూలుగా వాడే రాగి ఎక్స్‌రేకు) సిలికాన్ క్రిటికల్ కోణం, అంటే అంతకన్నా తక్కువలో కిరణం లోపలికి దిగకుండా ప్రతిఫలించే కోణం, సుమారు 0.22 డిగ్రీలు. దానికి కాస్త తక్కువలో పెడితే కిరణం కొన్ని నానోమీటర్ల దగ్గరే ఆగుతుంది. అయితే అలైన్‌మెంట్ సరిగ్గా కుదరాలి, తొందరపడకు.

పరమాణువుల వరస ఎంత చెదిరిందో తెలియాలంటే మాత్రం బ్రాగ్ పీక్‌ల (స్ఫటికంలోని క్రమమైన వరసల వల్ల వచ్చే బలమైన పీక్‌ల) మధ్య సాగే ట్రంకేషన్ రాడ్‌లే (స్ఫటికం ఉపరితలం దగ్గర ఆగిపోవడం వల్ల ఏర్పడే బలహీన సంకేత రేఖలే) కొలవాలి. ఉపరితలం గరుకైతే రెండు పీక్‌ల నడుమ తీవ్రత బాగా పడిపోతుంది. అంత బలహీన సంకేతానికి సింక్రోట్రాన్ (చాలా తీవ్రమైన ఎక్స్‌రేలనిచ్చే పెద్ద యంత్రం) మేలు. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్ గురించి మీ గైడ్‌ని అడుగు.