ఇల్లు - కరెంటు: గిలాబు పగలకుండా ప్లగ్గులు పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: నమస్తే సార్. దేవరకొండలో మాది తాతల నాటి ఇల్లు. రెండడుగుల మందం రాతి గోడలు, లోపల సున్నం గిలాబు (గోడ పూత), పైన టేకు దూలాలు, పెంకులు. అర్రకో బల్బు, ఒక ఫ్యాను, దర్వాజ పక్కన ఒకే ఒక్క చిన్న ప్లగ్గు, అంతే. ఫ్రిజ్, కూలర్, మిక్సీ, వాషింగ్ మెషిన్, పిల్లల లాప్‌టాప్‌లు అన్నీ ఎక్స్‌టెన్షన్ బాక్సుల మీదే నడుస్తున్నాయి. ఎలక్ట్రీషియనేమో గోడలు కొట్టి పైపులు లోపలే వేస్తా, నీట్‌గా ఉంటుందంటున్నాడు. మేస్త్రీని అడిగితే సుత్తి దెబ్బ పడితే గిలాబు పెచ్చులు పెచ్చులుగా ఊడి వస్తుంది, నాకు సంబంధం లేదంటున్నాడు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: మేస్త్రీ మాట వినండమ్మా. ఎలక్ట్రీషియన్‌కి ఇటుక గోడ, సిమెంటు గిలాబు అలవాటు, అక్కడ గాడి కొట్టి పైపు దించి పూడ్చేస్తే సాయంత్రానికి పని అయిపోతుంది. మీ గోడ అట్లాంటిది కాదు. పాత రాతి గోడలో సాధారణంగా బయట ఒక వరస, లోపల ఒక వరస పెద్ద రాళ్లు పేర్చి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ సున్నం కూరి ఉంటారు. గాడి కొడుతూ పోతుంటే జానెడు దూరంలోనే ఏదో ఒక బండ అడ్డం వస్తుంది, ఉలి పెట్టి కొడితే పగిలేది బండ కాదు, దాని చుట్టూ ఉన్న సున్నం. బండ కొద్దిగా కదిలినా దాని మీదున్న గిలాబు గుల్లబారుతుంది, అది ఆ రోజు కనపడదు, వానాకాలం వచ్చాక ఊడిపడుతుంది.

అందుకని గోడ పైనుంచే వైరింగ్ చేయించుకోండి. పీవీసీ కేసింగ్ పట్టీ గానీ, గట్టి పీవీసీ పైపు క్లిప్పులతో గానీ. చూడటానికి బాగుండదని చాలామంది వద్దంటారు కానీ దూలం పక్కనుంచి, దర్వాజ చౌకట్టు అంచు వెంబడి, గోడ మూలలో నిలువుగా దించితే పెద్దగా కంటికి ఆనదు, గోడ రంగే దానికీ వేయించొచ్చు. పైగా రేపు ఇంకో ప్లగ్గు కావాలంటే పట్టీ మూత తీసి వైరు లాగితే చాలు. పెంకుల కింద అటుక మీద మాత్రం వైర్లు ఊరికే పరిచి వదిలేయనివ్వొద్దు, ఎలుకలు కొరుకుతాయి, అక్కడ తప్పకుండా పైపులోనే పోవాలి.

స్క్రూలు బిగించే దగ్గర జాగ్రత్త. సున్నం గిలాబు ఒక్కటే బరువు ఆపదు, మిక్సీ ప్లగ్గు నాలుగుసార్లు లాగితే బోర్డు ఊడి చేతికొస్తుంది. డ్రిల్లుని హ్యామర్ మోడ్‌లో పెట్టకుండా మామూలుగా తిప్పుతూ గిలాబు దాటి వెనకున్న రాయి దాకానో, రాళ్ల మధ్య గట్టి సందు దాకానో పోయి, అక్కడ ప్లాస్టిక్ గుల్ల దింపి పొడుగు స్క్రూ బిగించాలి. గట్టి చోటు దొరకకపోతే కొంచెం పెద్ద చెక్క పలకను రెండు మూడు గట్టి చోట్ల బిగించి దాని మీద బోర్డు పెట్టడం ఇంకా మంచిది. మీ ఇంట్లో గూళ్లు ఉండే ఉంటాయి కదా, దీపం పెట్టే గూడు వదిలేసి మిగతా వాటిలో బోర్డు కూర్చోబెడితే బయటికి పొడుచుకు రాదు, పిల్లల భుజాలు తగలవు.

లేదు, ముందు గదిలోనైనా లోపలి వైరింగే కావాలంటారా, ఆ ఒక్క గదికే చేయించండి. ముందు గోడంతా వేలి కణుపుతో తట్టి చూడమనండి, డబడబ మోగిన చోట గిలాబు ఇప్పటికే గోడను వదిలేసినట్టే, ఆ జోలికి పోవద్దు. గాడి నిలువుగానే ఉండాలి. నిలువు గాడి గోడ మందంలో మూడో వంతు, అడ్డగాడి ఆరో వంతు దాటకూడదన్నది కట్టడాల లెక్క, కానీ బరువు మోసే రాతి గోడలో అడ్డగాడి అసలే వద్దంటాను. గ్రైండర్‌తో రెండు గీతలు కోసి మధ్యది మెల్లగా తీయాలి, సుత్తితో మొదలుపెట్టొద్దు. కోసేటప్పుడు సున్నం దుమ్ము కళ్లలో పడితే మండిపోతుంది, కళ్లద్దాలూ మాస్కూ లేకుండా ఎవరినీ గదిలో నిలబడనివ్వకండి.

గాడిని సిమెంటుతో పూడ్చకండి, ఎక్కువ మంది పాడుచేసుకునేది ఇక్కడే. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు వదలదు, పైగా సున్నం కంటే గట్టిది, అందుకే ఏడాది తిరక్కుండానే సిమెంటు పట్టీకి రెండు వైపులా చీలిక వచ్చి పక్కనున్న మంచి గిలాబు కూడా ఉబ్బుతుంది. ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు జల్లించిన ఇసుక కలిపి, గాడిని బాగా తడిపి, రెండు దఫాలుగా నింపి, కొన్ని రోజులు తడి ఆరకుండా చూస్తే చాలు. డంగు సున్నం (గానుగలో నూరిన సున్నం) పని తెలిసిన పెద్ద మేస్త్రీ ఎవరైనా దొరికితే వదలకండి.

ఇదంతా గోడ సంగతి. అసలు మీరు ముందు చూసుకోవాల్సింది మీటరు దగ్గర. అర్రకో ప్లగ్గు ఉన్న రోజుల్లో వేసిన వైరు అల్యూమినియంది కావచ్చు, దాని మీది తొడుగు ఎండి పెళుసుబారి ఉండొచ్చు. దానికే కొత్త రాగి వైరు మెలిపెట్టి టేపు చుట్టి పది ప్లగ్గులు ఇస్తే, ఆ రాగి-అల్యూమినియం అతుకు దగ్గరే వేడెక్కి కాలడం మొదలవుతుంది. పాత లైన్ల నుంచి కొత్త ప్లగ్గులు లాగనివ్వకండి. మీటరు పక్కన చిన్న డీబీ (కరెంటును లైన్లుగా పంచే పెట్టె) పెట్టించి అక్కడి నుంచి కొత్తగా లాగమనండి: లైట్లకు, 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులకు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గులకు 2.5, గీజరుకో ఏసీకో అయితే 4, ప్రతి లైనుకీ విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు). పవర్ ప్లగ్గులు ఒక లైనుకి రెండు మించొద్దు. మొత్తం మీద 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఒకటి. డబ్బులు సరిపోకపోతే స్విచ్చుల బ్రాండులో తగ్గించుకోండి కానీ దీన్ని వదలొద్దు. ఏసీ ఆలోచన ఉంటే బిల్లు మీద మీ లోడు ఎన్ని కిలోవాట్లు రాసి ఉందో చూసి, తక్కువుంటే విద్యుత్ ఆఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: వనపర్తిలో మా పాత ఇంట్లో రెండు రంధ్రాల ప్లగ్గులే ఉన్నాయి. వాటిని తీసేసి మూడు పిన్నులవి బిగించాడు ఎలక్ట్రీషియన్. ఎర్తింగ్ లేదు కదా అంటే, న్యూట్రల్ నుంచి చిన్న ముక్క లాగి ఎర్త్ పిన్నుకి కలిపా, ఏం కాదు అన్నాడు. నిజంగా ఏం కాదా?
- ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: అవుతుంది. ఈ పూటే ఆ ముక్క తీయించండి. న్యూట్రల్, అంటే కరెంటు తిరిగిపోయే వైరు, బాగున్నంత కాలం అంతా మామూలుగానే ఉంటుంది, అదే దీంతో వచ్చిన చిక్కు. ఎక్కడో ఒక చోట న్యూట్రల్ అతుకు వదులై తెగిందనుకోండి, ఆ ప్లగ్గులో ఉన్న వస్తువు గుండా ఫేజు తిరిగొచ్చి ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ తలుపు మీదికి, కూలర్ ఇనుప బాడీ మీదికి 230 వోల్టులూ చేరతాయి. ఎండాకాలం తడి నేల మీద నిలబడి కూలర్‌లో నీళ్లు పోస్తూ మనుషులు పోయిన వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు.

ఎర్తింగ్ కొత్తగా వేయించుకోవాల్సిందే. గోడ పునాదికి కనీసం మీటరున్నర దూరంలో గుంత తీసి రెండున్నర మీటర్ల జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ నింపుతారు. తాగే నీళ్ల బావి పక్కన వద్దు. మన నల్లగొండ, పాలమూరు వైపు చాలా చోట్ల నాలుగడుగులకే బండ తగులుతుంది, అప్పుడు గుంత చాలించి సగం పైపు కోసి పెట్టేస్తారు, ఒప్పుకోకండి. బండ వస్తే నిలువుగా కాకుండా అడ్డంగా పోవచ్చు: కనీసం అర మీటరు లోతు కందకం తీసి పదిహేను మీటర్ల జీఐ పట్టీ పరిస్తే అదీ ఎర్తింగే. చల్క నేల (ఎర్ర ఇసుక నేల) ఎండాకాలం పొడిబారిపోతుంది కాబట్టి మార్చి నుంచి వానలు పడేదాకా గుంతలో అప్పుడప్పుడు బిందెడు నీళ్లు పోయించండి. పని అయ్యాక మల్టీమీటరు (వోల్టేజి కొలిచే పరికరం) పెట్టి చూపించమనండి, ఫేజుకీ ఎర్తుకీ మధ్య వోల్టేజి, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఉన్నదానికి దాదాపు సమానంగా రావాలి. ఆ తర్వాత 100 వాట్ల పాత రకం బల్బును ఫేజుకీ ఎర్తుకీ కలిపి వెలిగించి చూపించమనండి, మసగ్గా వెలిగితే ఎర్తింగ్ బలం చాలనట్టే. ఆర్‌సీసీబీ ఉంటే ఈ బల్బు పరీక్షకి అది పడిపోతుంది, అంటే అది పనిచేస్తోందని. ఇవి ఎలక్ట్రీషియన్ చేయాల్సిన పరీక్షలు, మీరు ప్రయత్నించకండి.

ప్రశ్న: నాగర్‌కర్నూల్ దగ్గర మాది మట్టి మిద్దె. వాన పడితే స్విచ్ బోర్డు చుట్టూ గోడ ముట్టుకుంటే జిల్లుమంటుంది. టెస్టర్ పెడితే వెలుగుతుంది. అమ్మ ఒక్కతే ఉంటుంది, టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్

జవాబు: ఇప్పుడే ఫోన్ చేసి మెయిన్ ఆపేయమని చెప్పండి, ఈ రాత్రికి టార్చి లైటు చాలు. గోడలో ఎక్కడో వైరు తొడుగు పోయింది, తడి మట్టి కరెంటును మోస్తోంది. రేపు లైసెన్సు ఉన్న మనిషిని పిలిచి మెగ్గర్‌తో (వైరు తొడుగు బాగుందో లేదో చూసే పరికరం) ఒక్కో లైను పరీక్ష చేయించండి, ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపించిన లైనుని అక్కడికక్కడే కత్తిరించి పక్కన పెట్టాలి. ఆ వైరుని గోడలోంచి బయటికి లాగాలని తవ్వొద్దు, రెండు చివర్లా తెంపేసి లోపలే వదిలేసి, కొత్తది పైనుంచి పైపులో వేయించండి. మిద్దె కారడం కూడా ఆపించాలి, లేకపోతే కొత్త బోర్డులోకీ నీళ్లు దిగుతాయి.

ప్రశ్న: ఇండక్షన్ స్టవ్ పిన్ను మా ఇంట్లో చిన్న ప్లగ్గులో పట్టట్లేదు. షాపులో కన్వర్టర్ ఇచ్చారు. పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: పెట్టొద్దు. 2000 వాట్ల స్టవ్ దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది, మీ చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. పిన్ను లావుగా చేసిందే అందులో పట్టకూడదని. వంటింట్లో ఒక పవర్ ప్లగ్గు విడిగా వేయించుకోండి, పొయ్యి మంట తగలని చోట, సింకుకి దూరంగా.