పడమటి అద్దాలు, రాత్రి కరెంటు

ప్రశ్న: బరంపురంలో మా సహకార పరపతి సంఘానికి రెండంతస్తుల కార్యాలయం కట్టబోతున్నాము. స్థలం పడమటి ముఖం. ముందు గోడంతా అద్దాలతో ఉంటే హుందాగా ఉంటుందనీ, కరెంటు ఖర్చు సంగతి మేడ మీది సోలార్ పలకలే చూసుకుంటాయనీ కొందరు సభ్యులు అంటున్నారు. మీ సలహా ఏమిటి?
- ఒక పాఠకుడు, గంజాం జిల్లా

జవాబు: ఆ అద్దాల గోడను ప్లాను కాగితం మీద ఉండగానే మానుకోండి. సాయంకాలపు ఎండ ఏటవాలుగా వస్తుంది కాబట్టి పడమటి వైపు ఎంత వెడల్పు సజ్జా వేసినా ఆగదు; అటు కిటికీలు చిన్నవిగా పెట్టి, బయటివైపు నిలువు పలకలో వెదురు తడికలో అమర్చవలసిందే. లోపల తెరలు కట్టితే వెలుగు తగ్గుతుంది గాని, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసి ఉంటుంది. పెద్ద కిటికీలు ఉత్తర దక్షిణాలకు ఉంచండి. బరంపురం సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున మే నెలలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు, అప్పుడు దక్షిణపు కిటికీకి మామూలు సజ్జాయే చాలు. ఆ ఎండంతా పడేది మేడ మీద గనుక అక్కడ తెల్లటి పూత తప్పనిసరి.

ఏసీ టన్నులు అవసరానికి మించితే గది త్వరగా చల్లబడి యంత్రం ఆగిపోతుంది, తేమ మాత్రం అలాగే ఉండిపోతుంది. మన తీరప్రాంతపు ఉక్కలో ఇది పెద్ద లోపం. లెక్క కట్టించి సరిపడినదే కొని, 24 డిగ్రీల దగ్గర ఉంచి, పైన ఫ్యాను తిప్పండి.

ఇక సోలార్. అది బిల్లును తగ్గిస్తుంది, వృథాను తగ్గించదు. పైగా సోలార్ ఇచ్చినది తీసేయగా మిగిలే నికర బిల్లు చిన్నదిగా కనబడేసరికి అసలు వాడకం పెరిగినా ఎవరూ గమనించరు. అందుకే ఏసీలకు, దీపాలూ ఫ్యాన్లకు, కంప్యూటర్లకు, నీటి మోటారుకు ఒక్కోదాని వాడకాన్ని విడిగా కొలిచే వేర్వేరు సబ్‌మీటర్లు పెట్టించండి. కార్యాలయం మూసేటప్పుడు ఒక రీడింగు, మర్నాడు తెరిచేటప్పుడు మరొకటి రాయించండి. మనిషి లేని ఆ వేళల్లో కాలిన యూనిట్లే మీకు అన్నిటికంటే ముందు దొరికే పొదుపు. ఇంధన పొదుపు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ కార్యాలయ భవనాలకు స్టార్ రేటింగు ఇచ్చేటప్పుడు ఏడాది వాడకాన్ని చదరపు మీటర్లతో భాగించి చూస్తుంది. ఉదాహరణకు 400 చదరపు మీటర్ల భవనం 48,000 యూనిట్లు వాడితే చదరపు మీటరుకు 120 యూనిట్లన్నమాట. సోలార్ నుంచి నేరుగా వాడుకున్నదీ కలిపి ఏటా ఈ అంకె సర్వసభ్య సమావేశంలో చదవండి.

వైరింగు అయ్యాక లైన్లు విడదీయాలంటే గోడలు పగలగొట్టాలి కాబట్టి, సబ్‌మీటర్ల సంగతి ఎలక్ట్రీషియనుకు శ్లాబు వేయకముందే చెప్పండి.